మెడ మీద లేని గీతలు

నాకు పాములంటే భయం. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఎవరూ నన్ను ధైర్యవంతుడనుకోకూడదు. వంటింట్లో పొట్లకాయ అడ్డంగా పడి ఉన్నా ఒకడుగు వెనక్కి వేసే రకాన్ని. అలాంటివాణ్ణి కట్లపాముకి జానెడు దూరంలో ముఖం పెట్టి ఫోటోలు తీశాను. అది నన్నేమీ చేయలేదు. నేనే దాని ఫోటోని ఒక పని చేశాను, దాంతో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. కెమెరా, కంప్యూటరు పట్టుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకి ఈ సంగతి చెప్పాలని రిటైరైనప్పటి నుంచీ అనుకుంటున్నాను. కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా ఒక్క ముక్క రాయకుండానే లేచిపోయేవాణ్ణి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో సుత్తి పట్టుకున్నాడు. మా నాన్న పానా పట్టుకున్నాడు. నేను కెమెరా పట్టుకున్నాను. రైలు పెట్టెలు బాగుచేసే చోట ఫోటోగ్రాఫర్‌కి ఏం పని అని మా అత్తవారే పెళ్ళిచూపుల్లో అడిగారు. పని ఉంది. ఇరుసు మీద వెంట్రుక మందం పగులు వస్తే దాన్ని అరచేయంత పెద్దదిగా కనబడేలా తీసి రిపోర్టుకి జతచేయాలి. దానికి మాక్రో లెన్సు అని వేరే ఉంటుంది. చిన్నదాన్ని బాగా దగ్గరికి వెళ్ళి తీసేది. ఆ పనిలో మరక తుడవడానికి కూడా అధికారం లేదు, ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

నాకు రెండో పని ఒకటుండేది. పాత వ్యాగన్లు మా దగ్గరికి పీవోహెచ్‌కి వచ్చేవి. అంటే నిర్ణీత కాలానికోసారి పెట్టె మొత్తం విప్పి, బాగుచేసి, కొత్త రంగు వేసి పంపడం. బాగుచేసిన పెట్టెల ఫోటోలు గోడమీద తగిలించడానికి, పెద్దవాళ్ళు వస్తే చూపించడానికి తీసేవాణ్ణి. ఒక్కోసారి రంగు పూర్తికాకముందే ఫోటో కావాలనేవారు. పక్కన బాగా ఉన్న తెల్లగీత నుంచి ముక్క తీసుకుని, గీత లేనిచోట కంప్యూటర్లో అతికించేసేవాణ్ణి. అందరూ మెచ్చుకునేవారు. “పెయింటరు కన్నా నువ్వే నయం” అని మా సారు అందరి ముందూ అనేవాడు. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుందనగా, వానాకాలానికి ముందు మా కాలనీ కమిటీవాళ్ళు ఒక పోస్టరు వేద్దామన్నారు. ఏటా వానలకి క్వార్టర్లలోకి పాములు వస్తాయి. వచ్చినవాటిలో ఏది ప్రాణం తీసేది, ఏది కాదు అన్నది జనానికి తెలియాలి. కట్లపాము బొమ్మ ఒకటి, దానిలాగే కనబడే విషంలేని పాము బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి, కింద తెలుగు, బెంగాలీ, హిందీల్లో నాలుగు మాటలు రాయాలి. మా సారే ఆ కమిటీకి పెద్ద. “ఇంటర్నెట్టు నుంచి తీసుకుందాం సార్” అన్నాను. “మన మనిషి ఇంత కెమెరా పెట్టుకుని ఉండగా పక్కవాళ్ళ బొమ్మ దేనికి?” అన్నాడు. పొగిడితే పడిపోయేవాణ్ణని ఆయనకి తెలుసు.

ఖరగ్‌పూర్ పక్కనే సాలువా వైపు ఊళ్ళో పాములు పట్టే బెంగాలీ దాదా ఒకాయన ఉండేవాడు. అన్నా అన్నట్టు అక్కడ అందరూ అందరినీ దాదా అనే అంటారు. ఎవరింట్లో పాము దూరినా వెళ్ళి పట్టుకుని, అటవీశాఖవాళ్ళకి చెప్పి అడవిలో వదిలేసేవాడు. మేం ముందే చెప్పి ఉంచడంతో ఓ ఉదయం కబురు పంపాడు. నిన్న ఒక కట్లపాము, ఒక విషంలేనిది దొరికాయి, రేపు వదిలేస్తాను, తీసుకుంటే ఈరోజే తీసుకోండి అని. వెళ్ళక తప్పలేదు. లైటు పట్టుకోవడానికి మా షెడ్డులో ఫిట్టరు ఒకతన్ని తీసుకెళ్ళాను. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. శ్రీకాకుళం వైపు మాదీ వాళ్ళదీ పక్కపక్క ఊళ్ళు కావడంతో నన్ను బాబాయ్ అనేవాడు. ఇరవై టన్నుల పెట్టె కింద దూరి పడుకోవడానికి వెనకాడడు గాని, ఆటో దిగగానే వాడి ముఖం పాలిపోయింది.

“బాబాయ్, నేను లైటు పట్టుకుంతాను గాని దాని మొకం సూడను. ముందే సెప్పేత్తన్నాను” అన్నాడు.

“చూడకుండా లైటు ఎలా పడతావురా?”

“నువ్వు కుడి అను, కుడికి తిప్పుతాను. ఎడం అను, ఎడంకి తిప్పుతాను. కళ్ళు మాత్రం తెరవమనకు. నీకు దండవెడతాను.”

విషంలేనిదాన్ని ముందు తీశాం. గాజుపెట్టెలో అటూ ఇటూ తిరుగుతూ మాకు గంట పని పెట్టింది. తర్వాత కట్లపాము. గాజులో నా ముఖమే పాము మీద పడి కనబడుతుంటే ఫోటో చెడిపోతోందని, దాదా దాన్ని కొక్కెంకర్రతో ఎత్తి తెల్లటి టబ్బులో వేశాడు. పగటిపూట ఇది మందకొడిగా ఉంటుంది, తల దాచుకుంటుంది, నేను పక్కనే ఉంటాను, భయపడకండి అన్నాడు. భయపడకండి అన్న మాట వినగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మాక్రో ఫోటో ఎలా తీస్తారో తెలియనివాళ్ళకి ఒక్క సంగతి చెప్పాలి. అంత దగ్గర్లో లెన్సు తిప్పి లాభం లేదు. బొమ్మ స్పష్టంగా కనబడేదాకా మన ఒళ్ళే ముందుకీ వెనక్కీ కదపాలి. కన్ను కెమెరాలో ఉంటుంది. ఆ గుండ్రటి నల్లటి కన్ను, అందులో మా లైటు చుక్క, పక్కన పొలుసులు, అవి తప్ప లోకంలో ఇంకేమీ కనబడవు. పాము ఎంత దూరంలో ఉందో తెలియదు. బొమ్మ ఇంకొంచెం బాగుంటుందని ఇంకొంచెం ముందుకి వంగుతాం. నేను అలాగే వంగాను. దాదా నా భుజం పట్టి రెండుసార్లు వెనక్కి లాగాడు. రెండోసారి కెమెరాలోంచి కన్ను తీసి చూస్తే లెన్సుకీ దాని తలకీ మధ్య జానెడు లేదు. అరచేతుల్లోంచి చెమట కారి కెమెరా జారుతోంది. ఈ కాస్త జీతానికి ఇంత అవసరమా అనుకున్నాను.

అప్పుడే దాదా గట్టిగా, “గలా దేఖియే దాదా, గలా!” అన్నాడు.

మెడ చూసుకోండి అన్నాడనుకున్నాను. నా మెడలో కెమెరా పట్టీ ఉంది. వంగినప్పుడు అది వేలాడి టబ్బులోకి జారి ఉంటుంది, పాము దాని మీదికి వస్తోంది అనుకున్నాను. అంతే, ఒక్క కేక పెట్టి వెనక్కి దూకాను. నా మోచేయి తగిలి ఫిట్టరు లైటుతో సహా వెల్లకిలా పడ్డాడు. పాము ఒళ్ళంతా ఒక్కసారి జర్కు కొట్టి మళ్ళీ చుట్టుకుంది. పట్టీ నా చొక్కా లోపలే ఉంది. దాదా నోరు మూసుకుని నవ్వాపుకుంటున్నాడు. ఏదో చెప్పబోయాడు. “బస్, బస్, హో గయా”, చాలు, అయిపోయింది అని నేను కెమెరా సంచీలో పెట్టేశాను. ఇంకొక్క నిమిషం కూడా అక్కడ ఉండలేను.

“అయిపోనాదా బాబాయ్? కళ్ళు తెరవమంతావా?” అని నేలమీంచే అడిగాడు ఫిట్టరు.

మర్నాడు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెరమీద ఉన్నా అది నాకు భయంగానే ఉంది. మౌసు దాని మీదికి తీసుకెళ్ళాలంటే వేలు వెనక్కి వస్తోంది. అయినా పని మొదలుపెట్టాను. పొలుసుకి అతుక్కున్న పేపరు ముక్క తీశాను. లైటు తగిలి తెల్లగా మెరిసిన చుక్కలు తీశాను. టబ్బు మీద గీతలు తీశాను. బొమ్మ అద్దంలా వచ్చింది. ఒక్కటే లోటు. ఒంటి మీద జంటజంటగా సన్నటి తెల్లపట్టీలున్నాయి, కానీ తల దగ్గర నుంచి కొంత దూరం దాకా ఏమీ లేవు. నున్నగా నల్లగా ఉంది.

మా సారు టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“ఏటిది, ముందుభాగంలో పెయింటు ఎగిరిపోనాది?” అన్నాడు. “గీతల పాము అని రాస్తన్నాం. గీతలు సగం నుంచి మొదలైతే జనాలు ఏటనుకుంటారు? నింపీ.”

ఆయన అన్నాడని ఆయన మీదికి తోసేయడం లేదు. ఆయన పామునెప్పుడూ దగ్గరగా చూడలేదు. నేను చూశాను. ఇరుసు మీద పగులైతే చచ్చినా ముట్టుకునేవాణ్ణి కాదు. కానీ నల్లటి ఒంటి మీద తెల్లగీతలు మధ్యలో ఆగిపోవడం చూసి నా చేతికి వ్యాగనే గుర్తొచ్చింది. పాముకి లైటు తగలక గీతలు కనబడలేదనుకున్నాను. కుబుసం అనుకున్నాను. ఏదనుకుంటే అది దొరుకుతుంది మనిషికి. నడుం దగ్గర పట్టీలు నాలుగు తీసుకుని, కొంచెం సన్నం చేసి, మెడ దాకా అతికించాను. పొలుసుల వరస తప్పకుండా, నీడ తేడా రాకుండా చేశాను. అరగంట పట్టింది. ఇంత చక్కటి పని నా సర్వీసులో చేయలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పాము దాదాకి ఒకసారి చూపించి ఉండాల్సింది. ఫోన్ చేస్తే మళ్ళీ రమ్మంటాడేమోనని చేయలేదు. భయం మనిషి చేత ధైర్యం కన్నా పెద్ద పనులు చేయిస్తుంది పిల్లలూ. పోస్టరు మీద మాటలు కమిటీలో ముగ్గురు చదివి దిద్దారు. బొమ్మని ఎవరూ దిద్దలేదు. బొమ్మ తప్పు చెప్పదని అందరికీ నమ్మకం.

వానలు మొదలయ్యే ముందు పోస్టర్లు కాలనీ అంతా అంటించారు. కుళాయిల దగ్గర, కిరాణా కొట్ల దగ్గర, క్వార్టర్ల మెట్ల దగ్గర. కొందరు ఆడవాళ్ళు అడిగి తీసుకెళ్ళి వంటింటి తలుపు మీద అంటించుకున్నారు. ఫిట్టరు భార్య వాళ్ళలో ఒకామె. పదో తరగతి దాకా చదువుకుంది, ఏ కాగితం దొరికినా చదువుతుంది. “మావయ్యా, పోస్టరు మొత్తం నోటికొచ్చీసినాది. ఇంక పాము ఒస్తే నన్నే అడగండి” అని కూరగాయల బండి దగ్గర నాతో నవ్వుతూ అంది.

ఆ తర్వాత నెల కూడా కాలేదు. రాత్రంతా వాన కురిసి తెల్లవారి ఆగింది. ఏడు గంటలకి నేను డ్యూటీకి చొక్కా వేసుకుంటుంటే ఆమె ఫోన్.

“మావయ్యా, కంగారేటీ నేదు. పొద్దున్న బొంత మడతపెడతంటే కింద పాము ఉన్నాది. ముందు ఫొటో తీసినాను, తరవాత టబ్బు బోర్లించీసినాను. మన పోస్టర్లో కట్లపాము కాదు నెండి. దానికి మెడకాణ్ణించే గీతలున్నాయి కదా, దీనికి మెడ నున్నగా ఉన్నాది. మంచిపామే. ఫొటో మీకు పంపినాను, ఓసారి మీరూ సూసి సెప్పీయండి, దాన్ని సంపకుండా ఒగ్గీమంతాను.”

ఫోటో తెరిచాను. గచ్చు మీద నల్లటి పాము. ఒంటి వెనకభాగంలో సన్నటి తెల్లపట్టీలు, జంటలు జంటలుగా. మెడ దగ్గర ఏమీ లేదు.

గలా దేఖియే దాదా, గలా. ఆ మాట అప్పుడు అర్థమైంది. నా మెడ కాదు, పాము మెడ. అక్కడ గీతలుండవు, అదే దీని గుర్తు, చూసుకోండి అన్నాడు ఆయన. చూసుకోవాల్సింది అదొక్కటే, నేను సరిగ్గా అక్కడే గీతలు గీశాను. మంచం పట్టుకుని కూర్చున్నాను.

“వాడేడమ్మా?” అన్నాను.

“మంచం మీద పడుకున్నారు. తెల్లారగట్ట లేసి కడుపునొప్పి అన్నారు. నిన్న గోల్‌బజార్లో ఏటో తినీసినారు, అదే అనుకుంటన్నాను. వాము నీళ్ళు ఇచ్చినాను. ఇయాళ డ్యూటీకి ఒద్దన్నాను.”

“ఆ బొంత ఎవరిది?”

“ఆయనదే. ఉక్కగా ఉన్నాదని కిందే పడుకున్నారు. కరవనేదు మావయ్యా, నేను కాళ్ళూ సేతులూ అంతా సూసినాను. గాటు ఎక్కడా నేదు.”

“వాణ్ణి లేపి మాట్లాడించు. ఇప్పుడే.”

ఆమె లేపుతున్న చప్పుడు. ఒకసారి, రెండుసార్లు. తర్వాత ఫోన్లో వాడి గొంతు. ముక్కుతో మాట్లాడుతున్నట్టుంది, మాట ముద్దగా వస్తోంది. “బా…బాయ్. కళ్ళు ఇప్ప…నేకపోతన్నాను. నిద్దరొత్తంది.”

కట్లపాము కాటు గాటు కూడా కనబడకుండా ఉంటుందనీ, ముందు కడుపునొప్పి వస్తుందనీ, తర్వాత కనురెప్పలు వాలిపోతాయనీ నాకెలా తెలుసు? మా పోస్టరు కింద రాసిన నాలుగు మాటలు అవే. ఆమెకీ నోటికొచ్చు. కానీ ఆమె ముందు బొమ్మ చూసింది. బొమ్మ చూసి ఇది అది కాదని తేల్చుకున్నాక ఆ మాటలతో పనిలేదనుకుంది.

“అది మంచిపాము కాదమ్మా, కట్లపామే. వాణ్ణి నడవనీకు. ఆటో తీసుకుని వస్తున్నా” అని కేకపెట్టి చెప్పులు లేకుండా పరిగెత్తాను. వీధి మలుపులో ఆటో దాదా టీ తాగుతున్నాడు. గ్లాసు ఆయన చేతిలోంచి లాగి పారేశానట, ఆయనే తర్వాత చెప్పాడు. మేమిద్దరం వాణ్ణి మోసుకొచ్చి ఆటోలో వేసేసరికి తల నిలబడటం లేదు. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, “మంచిపామే కదా, మెడ నున్నగా ఉన్నాది కదా మావయ్యా” అని అదే మాట అంటోంది. దారిలో వాడి ఊపిరి చిన్నదవుతూ వచ్చింది. రైలు గేటు పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను. గేటు తెరిచే ఉంది.

ఆసుపత్రిలో నేను ఫోను చాపి, “డాక్టరుగారూ, ఇదీ పాము” అన్నాను. డాక్టరమ్మ అటు చూడలేదు. “ఫోటో అక్కర్లేదు, ఈ కనురెప్పలు చాలు నాకు” అని విషానికి మందు ఎక్కించడం మొదలుపెట్టింది. కాసేపటికి ఊపిరి పూర్తిగా మందగిస్తే గొంతులో గొట్టం వేసి మిషను పెట్టారు. ఇంకో అరగంట ఆలస్యమైతే దారిలోనే పోయేవాడంది. అరగంట అనగానే ఫిట్టరు భార్య నా వైపు చూసింది. పాముని చూసి నాకు ఫోన్ చేసే లోపల ఆమె ఇల్లు ఊడ్చుకుంది, వాము కాచింది, సరిగ్గా అరగంట.

“నేనే మావయ్యా” అంది. “ముందే మీకు ఫోన్ సెయ్యాల. బొమ్మ సరిగ్గా సూణ్ణేకపోనాను. నా కళ్ళు మండిపోనూ.”

ఆ క్షణంలో చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఓదార్పు మాట వచ్చింది, అసలు మాట రాలేదు. ఏం భయమో విడివిడిగా చెప్పగలను. ఉద్యోగం పోతుందని భయం. కాలనీలో తలెత్తుకోలేనని భయం. వాడు పోతే నన్ను హంతకుడంటారని భయం. అన్నిటికన్నా ఆమె ముఖం మారిపోవడం చూడాలంటే భయం. పాము ముందు వెనక్కి దూకినట్టే అక్కడా దూకాను.

పోస్టర్లు మాత్రం ఆరోజే పీకాను. ప్రతి గోడ మీదా ఇంకొకరెవరో ఆ బొమ్మ చూసి నిశ్చింతగా పడుకుంటారన్న ఆలోచనకి కాళ్ళు ఒకచోట నిలవలేదు. మళ్ళీ వాన మొదలైంది. గొడుగు లేకుండా కుళాయి కుళాయికీ, కొట్టుకొట్టుకీ తిరిగాను. ఇళ్ళల్లోకి వెళ్ళి తలుపుల మీంచి గోకాను. “ఎందుకు తీసేత్తన్నారు?” అంటే “అచ్చుతప్పు” అన్నాను. మా సారు అడిగినా అదే చెప్పాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడగలేదు. ఆయనకీ పెయింటు సంగతి గుర్తొచ్చి ఉండాలి. తర్వాత పాము దాదా దగ్గరికి వెళ్ళి, నేను చేసిన పని చెప్పి, గీతలు అతికించని అసలు బొమ్మ చూపించాను. “మీరు కొంచెం ఆగి ఉంటే ఆరోజే చెప్పేవాణ్ణి దాదా” అన్నాడాయన. కొత్త పోస్టరు ఆయన సంతకం పెట్టాకే అచ్చుకి వెళ్ళింది.

ఐదు రోజులు ఫిట్టరు మిషను మీదే ఉన్నాడు. మూడోరోజు నన్ను ఐదు నిమిషాలు లోపలికి పంపారు. వాడు కదలడం లేదు. రెప్పలు మూసే ఉన్నాయి. గొట్టాలు, మిషను చప్పుడు. స్పృహ లేదనుకున్నాను. స్పృహ ఉందని తెలిస్తే చెప్పేవాణ్ణి కాదు, నిజం ఒప్పుకుంటున్నాను. వాడి చెవి దగ్గర వంగి అంతా చెప్పాను. దాదా గలా అన్నది, నేను దూకింది, తెరమీద గీతలు అతికించింది, పోస్టర్లు పీకింది, అచ్చుతప్పు అని అబద్ధమాడింది. “నీ ప్రాణం తీసేది పాము కాదురా, నేను” అని ఏడ్చాను. నర్సు వచ్చి టైమైందంటే బయటికి వచ్చాను. గుండె తేలికపడింది. ఎంత చవకగా తేలికపడిందో అప్పుడు తోచలేదు. బయట బెంచీ మీద ఆమె అలాగే కూర్చుని ఉంది, నేను పక్కన కూర్చున్నాను.

ఆరోరోజు వాడు వేళ్ళు కదిపాడు. తర్వాత గొట్టం తీశారు. కాలనీ అంతా నన్ను పొగిడింది. ఫోన్లో ఫోటో చూసి పాముని గుర్తుపట్టి మనిషిని కాపాడానట. కమిటీవాళ్ళు శాలువా కప్పుతామన్నారు. జ్వరమని తప్పించుకున్నాను. నిజంగానే జ్వరం వచ్చింది.

పన్నెండోరోజు మధ్యాహ్నం, మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. ఆమె ఫ్లాస్కు పట్టుకుని టీకి కిందికి వెళ్ళింది. వార్డులో మేమిద్దరమే. వాడి గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

“బాబాయ్, ఆ రోజు నువ్వు సెప్పినవన్నీ ఇన్నాను.”

నేను తలుపు వైపు చూశాను, ఆమె ఇంకా రాలేదు.

“రెప్ప ఎత్తనేను, యేలు కదపనేను. సెవులు మాత్రం బాగా పనిసేసినాయి. డాక్టరమ్మ కూడా అదే అన్నాది, ఈ ఇసానికి అంతేనట. అన్నీ ఇనిపిత్తయంట. నిన్ను నాలుగు తిట్లు తిడదామనుకున్నాను. నోట్లో గొట్టం ఉన్నాది.”

“తిట్టురా. ఇప్పుడు తిట్టు.”

“ఇప్పుడు ఓపిక నేదు.” కాసేపు కళ్ళు మూసుకున్నాడు. “నా సంగతి ఒగ్గీ, నేను బతికినాను. దానికి సెప్పినావా?”

లేదన్నట్టు తల ఊపాను.

“రోజూ నా కాళ్ళకాడ కూకొని ఏడిసీది. నేను సదువుకున్నాను గాని ఏటి లాబం, బొమ్మ సూసి కూడా తెలుసుకోనేకపోనాను, నేనే మిమ్మల్ని సంపీసినాను అని. అదీ ఇన్నాను. నేను సెప్పచ్చు. సెప్పనేదు. నువ్వే సెప్పాల బాబాయ్. నేను కళ్ళు మూసుకొని పడుకుంతాను.”

ఆమె వచ్చేసింది. ఫ్లాస్కు బల్లమీద పెడుతూ, “ఏటి మావయ్యా, అలగున్నారు? జొరం తగ్గనేదా?” అంది. కెమెరాలో ఆ పాము కన్ను చూసినప్పుడు కూడా నేనంత భయపడలేదు. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్ళీ లేవలేనని. అటూ ఇటూ తిప్పకుండా చెప్పాను. పొడుగు కూడా కాలేదు. పన్నెండు రోజులు దాచిన మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలింది.

ఆమె కేకలు వేయలేదు.

“పోస్టర్లో మెడమీద గీతలు మీరు ఎట్టినారా?”

“నేనే పెట్టానమ్మా.”

“ఆ పాముకి నేవా?”

“లేవు.”

“అంటే మా ఇంట్లో దాన్ని నేను సరిగ్గానే సూసినాను.”

“సరిగ్గానే చూశావు. నీ తప్పేమీ లేదు.”

ఆమె భర్త వైపు చూసింది. వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“ఆ గీతలు ఎట్టినారంటే పొరపాటు. పొరపాటు ఎవలికైనా ఒస్తాది” అంది. “పన్నెండు రోజులు మావయ్యా. నేనే సంపుకున్నాను అని నేను తల బాదుకుంతుంటే, పక్కన కూకొని నా ఈపు నిమిరినారు.”